రెండో మగ్గం

జూన్ 3

వదినా,

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరంలో నీకు నచ్చే కబురు ఒక్కటీ లేదు. పక్కన మంచినీళ్లు పెట్టుకుని, కూర్చుని చదువు.

నిన్న మా షాపు యజమాని స్వయంగా గోడౌన్‌లోకి దిగి వచ్చాడు. నేనిక్కడ స్టోరు చూసుకుంటున్న పదకొండేళ్లలో ఆయన ఆ మెట్లు దిగడం ఇది రెండోసారి. మొదటిసారి పైపు పగిలి బేళ్లన్నీ తడిసినప్పుడు దిగాడు. ఈసారి ఏమీ తడవలేదు గానీ కబురు మాత్రం అంతకన్నా పెద్దది. అక్టోబరు ఒకటో తేదీ నుంచి లేబుల్ లేని చేనేత బట్ట ఏదీ మా షాపు అలమరాల్లోకి ఎక్కదట. చేత్తో నేసింది, అచ్చమైన నూలు అని ఇన్నాళ్లూ మనం నోటితో చెప్పాం, కొనేవాళ్లు నమ్మారు. ఇప్పుడా మాట లేబుళ్ల ఆఫీసు చెప్పాలి. ఎక్కడో ఎవరో మరమగ్గం బట్టని చేనేత అని అమ్మి పట్టుబడ్డారట. వాళ్ల పుణ్యమా అని అందరం పరీక్ష రాయాలి.

మన దుప్పట్లు తీసుకునేది మా షాపొక్కటే. లేబుల్ రాకపోతే మన మూడు మగ్గాలూ ఆగిపోతాయి. ఈ మాట రాయడానికి నాకేం సరదా కాదు.

ఫారం నేనే నింపేశాను. మగ్గానికో నంబరు, నంబరుకో మనిషి ఉండాలట. కళ్లు మూసుకుంటే నాకు మన మగ్గాల గది కనిపిస్తుంది. తలుపు పక్కన మొదటి మగ్గం నీది, కిటికీ కింద రెండోది మన దగ్గర నేసే పొడుగాయనది, గోడవారన మూడోది అన్నయ్యది. అలాగే రాశాను. పెన్సిలు గుర్తు ఉన్నచోటల్లా ముగ్గురూ సంతకాలు పెట్టండి. ఒక్కో మగ్గం మీది నుంచి మూరెడు బట్ట కోసి, నంబరు చీటీ గుచ్చి, ఫారంతో కలిపి పంపు. వాటిని పరీక్షశాలకి పంపుతారు. అందులో ఒక్క పోగు నూలు కానిది దొరికినా లేబుల్ ఇవ్వరు.

అన్నట్టు, ఈ మధ్య నీ ఉత్తరాలు పేజీకి ఆరు వరసలే ఉంటున్నాయి. బస్సు మీద బోర్డు రాసినట్టు అంతంత అక్షరాలేమిటి? నేనింకా రెండో తరగతిలోనే ఉన్నాననుకుంటున్నావా?

దుమ్ము మింగుతూ,
నీ ఆడపడుచు


జూన్ 14

అమ్మాయీ,

మంచినీళ్లు పెట్టుకోమన్నావు గానీ, చదివాక నాకు కావలసింది పడుకోవడానికి చాప. ఈ వయసులో పరీక్ష రాయమంటారా? నేను బడిలోనే పరీక్షంటే కడుపునొప్పి అని చెప్పి ఇంట్లో కూర్చున్న రకాన్ని.

పార్సిల్ బస్సు వాడికి ఇచ్చి పంపాను. మూడు ముక్కలూ, మూడు చీటీలూ, ఫారమూ అన్నీ ఉన్నాయి, చూసుకో. సంతకాలు నువ్వు చెప్పినచోటే పెట్టాం. మీ అన్నయ్య ఎప్పటిలాగే "ఊ" అని పెట్టాడు. పొడుగాయన చెయ్యి తుడుచుకుని పెట్టాడు. నేనూ పెట్టాను. ఎవరం చదవలేదు. నువ్వు రాశాక మేం మళ్లీ చదవడమేమిటి.

ఒకటి అడుగుతాను, విసుక్కోకు. ఈ పరీక్ష చేసేవాళ్లు బట్టని ఎంత వరకు చూస్తారు? పైపైన తడిమి చూస్తారా, ప్రతి పోగూ విప్పుతారా? ఊరికే తెలుసుకుందామని.

ముప్పై ఏళ్లు నేశాను. నా దుప్పటి కప్పుకున్నవాళ్లెవరూ దీన్ని నువ్వే నేశావా, రుజువేదీ అని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారంటే కాలం మారిందని సరిపెట్టుకోవాలి. సరిపెట్టుకోవడం నాకు అలవాటే. మీ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ ఆ పని మీదే ఉన్నాను.

అక్షరాల సంగతంటావా, కొత్త పెన్ను లావుగా రాస్తోంది. చేతులు కూడా అలిసిపోయాయి, చిన్నగా రాయమంటే మొరాయిస్తున్నాయి.

నీ వదిన


జూలై 12

వదినా,

పరీక్షశాల నుంచి కాగితం వచ్చింది. మొదటి మగ్గం, అచ్చమైన నూలు. మూడో మగ్గం, అచ్చమైన నూలు. రెండో మగ్గం బట్టలో నైలాన్ ఉంది. నూటికి ఒకటిన్నర పాలు. చారల పక్కన వరసగా, ఎవరో కావాలని పడుగులో పెట్టినట్టే ఉన్నాయట. పొరపాటున కలిసినవి కావని కింద గీత గీసి మరీ రాశారు.

యజమాని ఆ కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది. "మావాళ్ల బట్ట, నా పూచీ" అని పదకొండేళ్లుగా చెప్పుకు తిరిగిన మనిషిని నేను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పొడుగాయన ఇంత పని చేస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు. మన దగ్గర చేరి ఇరవై ఏళ్లయింది. నాకు కండెలకి నూలు చుట్టడం నేర్పింది ఆయనే. పోగు తెగకుండా ఉండాలని నైలాన్ కలిపాడా? పని తేలికవుతుందనా? కారణం ఏదైనా, మూడు మగ్గాల తిండి ఒక్కడి బద్ధకానికి బలి కావాలా?

ఆయన్ని పిలిచి అడుగు. నువ్వు అడగవని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను. అన్నయ్యని అడగమను.

నీ ఆడపడుచు


జూలై 20

అమ్మాయీ,

నీ ఉత్తరం చేరింది. రెండుసార్లు చదివించుకున్నాను, అంటే చదువుకున్నాను.

పొడుగాయన అలాంటి మనిషి కాడు. నీకూ తెలుసు. ఏదో జరిగి ఉంటుంది. పడుగు అతికేటప్పుడు వేరే పోగులు కలిసి ఉండొచ్చు. పోనీ ఆ రెండో మగ్గాన్ని లెక్కలోంచి తీసేసి, మిగిలిన రెంటికే లేబుల్ అడిగితే సరిపోదా? లేదంటే ఇంకో ముక్క పంపనా? ఈసారి బాగా చూసి పంపుతాను.

ఈ సంగతి మీ అన్నయ్య దాకా ఎందుకు. ఆయన మాట్లాడితే ముత్యాలు రాలతాయన్నట్టు నెలకోసారి నోరు విప్పుతాడు. ఆ ఒక్క మాటా ఇలాంటిదయితే వినేవాళ్లకి బతుకంతా గుర్తుంటుంది.

ఇక్కడ ఎండ తగ్గలేదు. మగ్గాల గదిలో కిటికీ రెక్క విరిగింది, బాగు చేయించాలి. నాకు ఈ మధ్య ఏ పనీ చెయ్యాలనిపించడం లేదు.

నీ వదిన


జూలై 29

వదినా,

నీ మెతకతనం గురించి నేను ఓ పుస్తకం రాయగలను. చిన్నప్పుడు నేను ఇరుగింటి గాజు పగలగొడితే గాలికి పగిలిందని చెప్పి నన్ను కాపాడావు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పొడుగాయనకి యాభై దాటాయి.

ఒక మగ్గాన్ని తీసేయడం కుదరదు. లేబుల్ ఇంటికంతటికీ ఒకటే. తప్పు ఎవరిదో తేల్చి రాసిస్తే మిగిలినవాళ్లకి అడ్డు ఉండదని ఆఫీసులో చెప్పారు. లేకపోతే మొత్తం దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుందట. వారం రోజులు ఆ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను. చివరికి నేనే రాసిచ్చాను. రెండో మగ్గం నేతగాడు మాకు తెలియకుండా నైలాన్ కలిపాడు, అతన్ని తీసేస్తున్నాం అని. ఆయన పేరు తప్పు చేసినవాళ్ల పట్టీలోకి ఎక్కింది.

ఈ సంగతి అన్నయ్యకి కూడా విడిగా రాశాను. నువ్వు ఆపేస్తావని తెలుసు కాబట్టే.

ఇక రెండో మగ్గం మీద నువ్వు కూర్చో. నీ చెయ్యి పడితే దానికి మళ్లీ వంక పెట్టేవాడు ఉండడు. కోప్పడకు. ఇంట్లో ఒకరైనా గట్టిగా ఉండాలి కదా, ఆ పాపం నేను కట్టుకుంటున్నాను.

నీ ఆడపడుచు


ఆగస్టు 9

అమ్మాయీ,

నీ ఉత్తరం మీ అన్నయ్య చేతికి అందింది. ఆయన మగ్గాల గదిలోకి వెళ్లి పొడుగాయనతో "రేపటి నుంచి రావద్దు" అన్నాడట. ఎందుకని కూడా చెప్పినట్టున్నాడు. పొడుగాయన నేసే వరస పూర్తి చేసి, పేకపోగు విసిరే నాడె పక్కన పెట్టి, కింద పరుచుకునే గుడ్డ మడతపెట్టుకుని బయటికి వచ్చాడు. నేను వాకిట్లోనే ఉన్నాను. నా ముందు ఒక్క క్షణం ఆగి, "వస్తానక్కా" అని వెళ్లిపోయాడు.

నేను చీపురు తీసుకుని ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చాను.

ఇప్పుడు రెండు మగ్గాలు ఊరికే ఉన్నాయి. నేను కూర్చోవడం లేదు, ఒంట్లో బాగాలేదు. ఏమిటని అడిగితే చెప్పలేను. జ్వరం కాదు.

నువ్వు చెయ్యాల్సింది చేశావు. నిన్నేమీ అనను.

నీ వదిన


ఆగస్టు 16

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నాకు పని మీద మనసు నిలవలేదు. నిన్నేమీ అనను అన్నావు చూడు, ఆ మాటకన్నా చెంప మీద ఒకటి కొట్టినా నయం. నామీద అంత కోపంగా ఉందని నేరుగా రాయి, భరిస్తాను.

ఒంట్లో బాగాలేదంటే డాక్టరుకి చూపించుకో. ఇంత చాకిరీ ఒక్క మనిషి చేస్తే బాగుండదు మరి. పొడుగాయన పని కూడా నీ మీద పడుతుందని నాకు తెలుసు.

పరీక్షాధికారి సెప్టెంబరు అయిదున మన ఇంటికి వస్తాడు. మగ్గం మీద ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని, జానెడు నేసేదాకా చూస్తాడట. నువ్వు ఆయనకి కళ్లు తిరిగేంత వేగంగా నేసి చూపించు.

ఇంకో సంగతి ఉంది. చెప్పాలా వద్దా అని చూశాను. నిన్న తువ్వాళ్లు నేయించే ఒకావిడ షాపుకి ఫోన్ చేసింది. పొడుగాయన వాళ్ల దగ్గరకి పనికోసం వెళ్లాడట. మగ్గం మీద చూసి చాలా బాగుందనుకున్నారట. తీరా పట్టీ చూస్తే పేరు కనిపించిందట. "ఏం చేశాడమ్మా ఆయన?" అని నన్నే అడిగింది. ఉన్నది చెప్పాను. ఆయన్ని పంపించేశారు. పట్టీలో పేరున్నవాళ్లని లేబుల్ ఉన్నవాళ్లెవరూ పెట్టుకోకూడదట. నాకు ముందు తెలియదు. తెలిసినా రాసిచ్చేదాన్నేమో. తప్పు చేసింది ఆయన కదా. మరి నాకెందుకు ఇంత చేదుగా ఉందో తెలియడం లేదు.

జవాబు రాయి. అక్షరాలు ఎంత పెద్దవైనా ఏమీ అనను.

నీ ఆడపడుచు


ఆగస్టు 20

అమ్మాయీ,

ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది నాలుగోసారి. ముందు రాసిన మూడూ పొయ్యిలోకి పోయాయి.

రెండో మగ్గం మీద నేసేది నేను. ఏడాదిన్నరగా నేనే. పొడుగాయన మొదటి మగ్గం మీదికి మారాడు. నువ్వు ఫారంలో రాసింది నువ్వు ఇక్కడున్నప్పటి వరస. పెన్సిలు గుర్తులు చూసి సంతకాలు పెట్టాం గానీ ఎవరం చదవలేదు. నీ ఉత్తరంలో కూడా ఆ వరస ఉంది గానీ, పరీక్ష అనగానే వచ్చిన దిగులులో నేను దాన్ని పట్టించుకోలేదు. నైలాన్ కలిపింది నేను. జూలైలో నీ కాగితం అందిన రోజే నాకు తెలుసు. అప్పటి నుంచి నీకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను, ఈ ఒక్క మాట రాయకుండా.

నా కళ్లు పోతున్నాయి. పూర్తిగా కాదు. నేను ఎటు చూస్తే అక్కడే బొగ్గు పులిమినట్టుంటుంది, చుట్టుపక్కల మాత్రం కనిపిస్తుంది. మీ అన్నయ్య ఎదురుగా నిలబడితే ఆయన చెవులు కనిపిస్తాయి, మొహం కనిపించదు. దానికేమీ బాధ లేదు, ఆ మొహంలో ఎప్పుడూ మార్పుండదు. బాధల్లా పోగు కనిపించకపోవడమే. కళ్ల డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. అద్దాలతో బాగయ్యేది కాదన్నాడు. ఇంటికి వచ్చి కూరగాయలు తేవడానికి వెళ్లానని చెప్పాను. సంచీ ఖాళీగా ఉంది. ఎవరూ అడగలేదు.

మొదట పసిగట్టింది పొడుగాయనే. ఓ రోజు నాలుగు పోగులు తెగి ఉంటే చూసుకోకుండా మూరెడు నేసేశాను. మీ అన్నయ్య రాకముందే ఆయన అదంతా విప్పేశాడు. మర్నాడు వచ్చి, "కిటికీ వెలుతురు నా కళ్లలో కొడుతోందక్కా, మనం మగ్గాలు మార్చుకుందామా?" అన్నాడు. ఇరవై ఏళ్లుగా కొట్టని వెలుతురు ఆ రోజే కొట్టింది. నేను సరే అన్నాను. మీ అన్నయ్య "ఊ" అన్నాడు.

కొత్త పడుగు అతకాలంటే పాత పడుగు కొసలకి కొత్త పోగుల్ని ఒక్కొక్కటే ముడి వెయ్యాలి. వందలకి వందలు. అది కళ్ల పని. పొడుగాయన రోజూ అందరికన్నా ముందు వచ్చి నా పడుగు అతికేవాడు. మీ అన్నయ్య కాఫీ తాగి వచ్చేసరికి నేను మగ్గం మీద కూర్చుని అంతా నేనే చేసినట్టు ఉండేదాన్ని.

నైలాన్ ఆలోచన నాది. అంచు ఎక్కడుందో, చార ఎక్కడ మొదలవుతుందో వేలితో తెలియాలి కదా. నూలు పోగులన్నీ వేలికి ఒక్కలాగే తగులుతాయి. సంచులు కుట్టే అతని దగ్గర నైలాన్ దారం తెచ్చాను. నున్నగా జారుతుంది, బొటనవేలికి వెంటనే తెలిసిపోతుంది. అంచు దగ్గర ఆరు, చార పక్కన ఒక్కొక్కటి. వాటిని కూడా పొడుగాయనే అతికాడు. "అక్కా, అచ్చమైన నూలని చెప్పి అమ్ముతున్నాం కదా" అన్నాడు ఒక్కసారి. నాలుగు పోగులు ఎవరు చూడొచ్చారు అన్నాను. మళ్లీ ఎత్తలేదు.

పరీక్షకి ముక్క కోసేటప్పుడు అంచు తీసేసి పంపాను. అంటే తప్పని నాకు తెలుసు. చారల పక్కన ఉన్నవి మర్చిపోయాను, అంతే.

నువ్వు పొడుగాయన అనుకున్నప్పుడు నేను ఎందుకు దిద్దలేదని అడుగుతావు. మగ్గం దిగమంటారని భయం. నాకు ఇంకో పని రాదు. ఆ గదిలోకి వెళ్లి కూర్చుంటే నేనొక మనిషిని, వంటింట్లో ఉంటే తడుముకునే ముసలిదాన్ని. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఈలోగా నువ్వు రాసిచ్చేశావు. మీ అన్నయ్యకి వచ్చిన ఉత్తరంలో మగ్గం నంబరు లేదు, పొడుగాయన నైలాన్ కలిపాడనే ఉంది, ఆయన పొమ్మన్నాడు. అప్పుడైనా వాకిట్లో నిలబడి నోరు విప్పి ఉండాల్సింది. సిగ్గుగా ఉంది. ఇంతకన్నా పెద్ద మాట నాకు తెలియదు.

పని అడిగితే తిప్పి పంపారని నువ్వు రాశావు చూడు, ఆ తర్వాత ఇంక ఉండలేకపోయాను. మీ అన్నయ్యకి అంతా చెప్పాను. "నాకు చెప్పాల్సింది" అన్నాడు. ఇద్దరం పొడుగాయన ఇంటికి వెళ్లాం. కుర్చీకి నవారు అల్లుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి, ఆ కుర్చీ ఇంకా కూర్చోవడానికి పనికిరాదని చాప వేశాడు.

నేను అడిగాను, "నీ మీద పడిందని తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావు?"

"చెబితే నిన్ను మగ్గం మీంచి లేపేస్తారు కదక్కా. అది నా నోటితో ఎందుకని" అన్నాడు. కాసేపు నవారు లాగి, "నువ్వు చెబుతావనుకున్నాను" అన్నాడు.

తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. ఆ మాట ఒక్కటే అన్నాడు. మళ్లీ పనికి రమ్మని మీ అన్నయ్య అడిగాడు. "పేరు అలా ఉండగా ఎలా వస్తానన్నా? నావల్ల మీ లేబుల్ కూడా పోతుంది" అన్నాడు.

ఆ పేరు నువ్వు రాయించావు, నా మూలాన రాయించావు. దాన్ని తీయించాలి. ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను.

నీ వదిన


ఆగస్టు 26

వదినా,

నీ ఉత్తరం గోడౌన్‌లో బేళ్ల మధ్య కూర్చుని చదివాను. కింద పనిచేసేవాళ్లు ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగారు.

నీ మీద కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఆయన అలాంటి మనిషి కాడని రాశావే, ఆ పక్కనే ఇంకో వాక్యం రాస్తే సరిపోయేది కదా. నెల రోజులు నన్ను ఓ అమాయకుడి మీదికి ఉసిగొల్పినట్టయింది. తర్వాత నా మీద కోపం వచ్చింది. పేజీకి ఆరు వరసలు రాస్తోందంటే మనిషికి కళ్లు కనిపించడం లేదని ఎవరికైనా తడుతుంది. నాకు ఎగతాళి తట్టింది. ఫారం కూడా కళ్లు మూసుకునే నింపాను. ఒక్క ఉత్తరం రాసి, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారని అడిగి ఉంటే ఇదంతా లేదు. నాకు మన ఇంటి గురించి అన్నీ తెలుసని అంత గర్వం.

ఆఫీసుకి వెళ్లాను. రెండు దారులున్నాయి.

మొదటిది, పరీక్ష ముక్కలు మారిపోయాయని రాసివ్వడం. ఎవరి తప్పూ కాదన్నట్టు ఉంటుంది. దరఖాస్తు ముందుకి పోతుంది, నీ పేరు ఎక్కడా రాదు. కానీ పొడుగాయన పేరు వెంటనే తీయరు. వచ్చే ఏడాది పట్టీ మళ్లీ చూసినప్పుడు ఆలోచిస్తారట.

రెండోది, ఉన్నది ఉన్నట్టు నువ్వు రాసి, పరీక్షాధికారి ముందు సంతకం పెట్టడం. అప్పుడు ఆయన పేరు ఆ రోజే కొట్టేస్తారు. అయితే ఆ వరస ఖాళీగా ఉంచరట. అక్కడ నీ పేరు రాస్తారు. ఇంక నువ్వు నేసిన బట్టకి ఎప్పటికీ లేబుల్ రాదు. మన ఇంటికి మాత్రం, మిగిలిన రెండు మగ్గాలకి, ఇస్తామన్నారు.

కాగితాలు రెండూ ఇందులో పెట్టాను. నీకు కనిపించేలా పెద్ద అక్షరాలతో నేనే రాశాను. ఏది పంపమని నేను చెప్పను. ఈసారి చెప్పను. పరీక్షాధికారి వచ్చే రోజు నేను కూడా వస్తాను, సెలవు పెట్టాను.

కళ్లు ఇంకెవరికైనా చూపిద్దాం. నన్ను తీసుకెళ్లనివ్వు. కూరగాయలకని చెప్పి వెళ్లకు.

నీ ఆడపడుచు


అక్టోబరు 6

అమ్మాయీ,

నువ్వు వచ్చి వెళ్లి నెలయింది. ఉన్న రెండు రోజులూ మన ముగ్గురం ఒకరినొకరు ఓదార్చుకోలేక, ఆ విరిగిన కిటికీ రెక్క గురించే మాట్లాడుకున్నాం. కనీసం అది బాగయింది.

పరీక్షాధికారి మర్యాదస్తుడే. సంతకం ఎక్కడ పెట్టాలో నాకు దొరక్కపోతే కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. నాకు ఆ వేలు కూడా కనిపించలేదు, నువ్వే నా చెయ్యి పట్టుకుని పెట్టావు. ఎవరికీ తెలియకూడదని అంత దాచుకున్నాను, చివరికి అందరి ముందూ అలా తేలింది. అలిసిపోయాను గానీ, ఆ రోజు పడుకోగానే నిద్రపట్టింది. జూలై నుంచీ లేని నిద్ర.

నువ్వు చూపించిన కళ్ల డాక్టరు కూడా మొదటాయన చెప్పిందే చెప్పాడు కదా. ఇంకోచోటికి వద్దు. ఉన్న చూపుతో సర్దుకుంటాను.

పొడుగాయన తిరిగి వచ్చాడు. మర్నాడే రాలేదు, పది రోజులు తీసుకున్నాడు. రావడం ఆయన ఇష్టం, ఆ పది రోజులూ ఆయన హక్కు. ఇప్పుడు కిటికీ కిందే కూర్చుంటున్నాడు. మొదటి మగ్గం విప్పేసి అటక మీద పెట్టాం. రెండు మగ్గాల బట్టే వస్తుందని మీ యజమానికి చెప్పు. నేను కండెలు చుడుతున్నాను. దానికి కళ్లక్కర్లేదు. మీ అన్నయ్య ఈ మధ్య రోజుకి రెండు మాటలు మాట్లాడుతున్నాడు. నేను మొహం చూడలేనని తెలిశాక మొదలుపెట్టాడు, పాపం.

నిన్న లేబుళ్లు వచ్చాయి. నేతగాడికో చుట్ట చొప్పున ఉన్నాయి, బొటనవేలంత వెడల్పు. దుప్పటి మూల దగ్గర కుట్టాలట. కుట్టే పని నేను అడిగి తీసుకున్నాను. పొడుగాయన చుట్టలోంచి మొదటిది చేతిలో పెట్టుకుని, ఏం రాసి ఉందో చదవమని ఆయన్నే అడిగాను. నేయడం ఆపి వచ్చాడు. చేత్తో నేసినది, అచ్చమైన నూలు అని చదివాడు. మా ఇంటి నంబరు చదివాడు. నేసినవారు అని, తన పేరు చదివి, దాని పక్కన నా పేరు కూడా చదివాడు.

నా పేరు అందులో ఉండదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఏడాదిన్నర నాకోసం అలాగే చేస్తూ వచ్చాడు. నేను చేయించుకుంటూ వచ్చాను. ఊరుకుంటే ఈసారి కూడా గడిచిపోయేది.

"ఉన్నది చదువు" అన్నాను.

మళ్లీ మొదటి నుంచి చదివాడు. చేత్తో నేసినది, అచ్చమైన నూలు, మా ఇంటి నంబరు, నేసినవారు, తన పేరు. అక్కడితో ఆగాడు.

సూదిలో దారం ఎక్కించి ఇమ్మన్నాను. ఇచ్చాడు. మూల ఎక్కడుందో తడుముకుని కుట్టాను.

నీ వదిన